పైన అంకుల్ ఒట్టు

పైన అంకుల్‌కి రాజుగారితో పడేది కాదు.

ఏ రాజు అంటే ఇంగ్లండు రాజు, అంటే కెనడాకి కూడా రాజే. తల్లి ఉన్నన్నాళ్ళూ రాణిగారితో పడేది కాదు, ఆవిడ పోయాక ఆ కోపం కొడుకు మీదికి మారింది. వాళ్ళెవరూ ఈయనకి చేతులారా చేసిన అపకారమేమీ లేదు. గొడవ దాదాపు రెండు వందల ఎనభై ఏళ్ళ నాటిది. స్కాట్లండు కొండల్లోంచి ఈయన ముత్తాతల ముత్తాతలు, సింహాసనం తమ యువరాజుదని, కత్తులు పట్టుకుని లండన్ మీదికి బయల్దేరారు. చివరికి ఒక బీడు భూమిలో చిత్తుగా ఓడిపోయారు. ఆ రోజు నుంచీ రెండిళ్ళ మధ్యా మాటల్లేవన్నట్టు ఉండేవారు మా అంకుల్.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం నా ఫోన్ మీద ‘పైన అంకుల్’ అని వెలిగింది. మేం కెనడాలో, స్కార్‌బరోలోని ఆయన ఇల్లు ఖాళీ చేసి ఊరికి రెండో చివర మిస్సిసాగా వచ్చేసి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. రాజుగారి మీద కొత్త ఫిర్యాదు ఏదో ఉండుంటుందనుకుని నవ్వుతూ ఎత్తాను. అటునుంచి ఆడగొంతు. తను ఆయన కూతుర్నని, నాన్న ఫోన్‌లో ఎక్కువగా కనబడ్డ నంబరు నాదే కాబట్టి చేస్తున్నానని, ఆయన నిన్న పొద్దున పోయారని చెప్పింది. నేను ఆ గొంతు వినడం అదే మొదటిసారి. ఆ గొంతు కోసం ఆయన ఎంత మొహం వాచిపోయి ఉన్నారో తెలిసినదాన్ని కాబట్టి, చెప్పింది మళ్ళీ చెప్పించుకున్నాను.

ఆయన గురించి తల్చుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి కాళ్ళు. మేం అద్దెకున్నది బేస్‌మెంట్‌లో. దాని కిటికీలు నేలకి ఆనుకుని ఉంటాయి కాబట్టి పెరట్లో తిరిగే మనుషులు మాకు మోకాళ్ళ దాకానే కనిపిస్తారు. దిగిన మొదటి ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే టీ పెట్టుకుంటూ తలెత్తితే, కిటికీలో రెండు బోసి మోకాళ్ళు. పైనేమో వాన, మంచు కలిసి ఏటవాలుగా కొడుతోంది. ఆ మోకాళ్ళు ఎర్రగా కంది, కదలకుండా నిలబడి ఉన్నాయి. మా ఆయన్ని లేపాను. ఆయనది నల్గొండ, నాది నరసరావుపేట దగ్గర పల్లె. లేచి వచ్చి చూసి, “ఓనర్‌కి ఏమన్న అయిందా ఏంది, పోయి చూద్దాం పా” అన్నాడు.

వెళ్తే అంకుల్ పెరట్లో గళ్ళ కిల్టు, అంటే వాళ్ళ మగవాళ్ళు కట్టే మోకాళ్ళ దాకా లంగా లాంటిది, కట్టుకుని, నెత్తిన నీలం టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నారు. టోపీకి తెల్ల గుడ్డతో చేసిన పువ్వు. డెబ్భై దాటిన మనిషి, ఆరడుగుల పైన పొడుగు, కొంచెం ముందుకు వంగిన భుజాలు. లోపలికి రండి, వేడిగా ఉప్మా ఉందన్నాను. వద్దన్నారు. రాత్రంతా నడిచి నడిచి వచ్చామని, నిన్నటి నుంచీ సరైన తిండి లేదని, ఎదురుగాలి మొహాన కొడుతోందని, అవతల వాళ్ళు మాత్రం కడుపునిండా తిని ఉన్నారని చెప్పారు. నేను నిజంగానే కంగారుపడ్డాను. ఈయన ఏదో యుద్ధంలో పనిచేశారు కాబోలు, ఆ జ్ఞాపకాలు తిరగబెట్టాయి కాబోలు అనుకుని, “అప్పుడు మీ వయసెంత అంకుల్?” అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇది పదిహేడు వందల నలభైల నాటి సంగతి, మావాళ్ళు ఓడిపోయింది ఇదే రోజు అన్నారు.

కిందికి వచ్చాక మా ఆయన పడీ పడీ నవ్వాడు. “మేము మేము అంటడేంది, ఆయన ఉన్నడా అక్కడ?”

నాకు మాత్రం అంత నవ్వు రాలేదు. మా పల్నాడులో కార్తీక మాసంలో కారెంపూడి తిరునాళ్ళకి వీరుల ఆయుధాలు నెత్తిన పెట్టుకుని వస్తారు, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట చచ్చిపోయిన వాళ్ళ కోసం ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. మా తాత కూడా ఆ యుద్ధం గురించి చెప్పేటప్పుడు ‘మనవాళ్ళు’ అనేవాడు గానీ ‘వాళ్ళు’ అనేవాడు కాదు. ఆ సంగతి తర్వాత అంకుల్‌కి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ఎవరు గెలిచారని అడిగారు. గెలిచినవాళ్ళు కూడా పెద్దగా మిగల్లేదన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపారు. నేను వాళ్ళ వంశంలో పిల్లనైపోయినట్టే ఆ రోజుతో.

పేరు పెట్టి పిలవమని మొదట్లోనే చెప్పారు. మా ఇంట్లో అంత వయసు మనిషిని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ మూతి మీద కొట్టేది. అందుకని ఎదురుగా ‘అంకుల్’, మాలో మేం అనుకునేటప్పుడు ‘పైన అంకుల్’. ఆయన అది విని కొన్నాళ్ళు ఏదో బిరుదనుకున్నారు. పై అంతస్తులో ఉంటారు కాబట్టి పైన అంకుల్ అని విడమర్చి చెప్పాక కూడా వదల్లేదు. ఫోన్ చేస్తే “పైనాంకల్ మాట్లాడుతున్నా” అనేవారు. ఇక్కడివాళ్ళు తినే ఆపిల్ ‘పై’లాగా ఒత్తి పలికేవారు. ఇకమీదట ఇక్కడ రాసే ఆయన మాటలన్నీ ఇంగ్లీషువే, ఆ మాటా ఇంకొక్క మాటా తప్ప.

ఆయన తగువు పద్ధతులు చిత్రంగా ఉండేవి. రాణిగారి బొమ్మ ఉన్న స్టాంపు ఎప్పుడు అంటించినా తలకిందులుగా అంటించేవారు. మే నెలలో ఎప్పటిదో ఒక పాత రాణిగారి పుట్టినరోజని దేశమంతా సెలవు, ఆ రోజు వీధి వీధంతా టపాకాయలు కాలుస్తుంటే ఈయన నిచ్చెన వేసుకుని చూరు గొట్టాల్లో చెత్త తీసేవారు. ఆవిడ పుట్టినందుకు నేనెందుకు విశ్రాంతి తీసుకోవాలి అనేవారు. మేం ఉన్నన్నాళ్ళూ ఏటా అదే రోజు, అదే నిచ్చెన, గొట్టాలు శుభ్రంగా ఉన్నా సరే.

ఆదివారం సాయంత్రం చిన్న గ్లాసులో విస్కీ పోసుకునేవారు. తాగేముందు దాన్ని బల్ల మీదున్న నీళ్ళ జగ్గు మీదుగా ఒక్కసారి ఇటునుంచి అటు తిప్పేవారు. నేను మొదటిసారి చూసి, మా తాత విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పినట్టు ఇదేదో వాళ్ళ ఔపోసన అనుకున్నాను. పెద్దవాళ్ళని తల్చుకుంటున్నారా అని మర్యాదగా అడిగాను కూడా. కాదట. ఓడిపోయాక ఊళ్ళలో సిపాయిలు కాపలా ఉండేవారట, విందుల్లో రాజుగారి పేరు చెప్పి తాగక తప్పేది కాదట. అప్పుడు పైకి రాజుగారికి అంటూనే గ్లాసు నీళ్ళ మీదుగా తిప్పేవారట. నీళ్ళకి అవతల, అంటే సముద్రం దాటి పారిపోయిన తమ రాజుకి అని అర్థం. నోటితో ఒక రాజు, చేత్తో ఇంకో రాజు అన్నమాట అన్నాను. ఆయనకి ఆ మాట బాగా నచ్చింది. ఆ యువరాజు చివరికి ఏమయ్యాడని అడిగితే మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, రోమ్‌లో తాగి తాగి ముసలాడై పోయాడని, తిరిగి రాలేదని చెప్పారు. మరి మీవాళ్ళు ఎన్నాళ్ళు తిప్పారు గ్లాసు అంటే, నేను ఇంకా తిప్పుతూనే ఉన్నాగా అన్నారు.

యుద్ధం, తిరుగుబాటు లాంటి మాటలు వాడేవారు కాదు. వాళ్ళ ఇళ్ళలో దానికి ‘బయటికి వెళ్ళడం’ అని పేరు. మా పెద్ద తాత బయటికి వెళ్ళాడు, ఆయన తమ్ముళ్ళిద్దరూ బయటికి వెళ్ళారు, మా ఇంటిపేరు వాళ్ళందరూ ఒకే పొద్దున బయటికి వెళ్ళారు అని ఆయన ఛాతీ విప్పార్చుకుని చెబుతుంటే నేను చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఎందుకు నవ్వుతున్నావని వదలకుండా అడిగితే చెప్పక తప్పింది కాదు. మా ఊళ్ళో పొద్దున్నే బయటికి వెళ్ళారంటే చెంబు పట్టుకుని వెళ్ళారని అంకుల్ అన్నాను. కోపం వస్తుందేమోనని భయపడ్డాను. ఆయన కుర్చీలోంచి లేవలేనంతగా నవ్వారు. ఆ తర్వాత ఆ కథ చెప్పినప్పుడల్లా ఆ మాట దగ్గర ఆగి నావైపు చూసేవారు.

ఇంత మనిషి కెనడా పౌరుడు కాదు. ఇరవై ఏళ్ళప్పుడు వచ్చారు, సిటీ బస్సుల డిపోలో మెకానిక్కుగా రిటైరయ్యారు, ఇక్కడే పెళ్ళి, ఇక్కడే పిల్ల, ఇక్కడే భార్యని పాతిపెట్టుకోవడం. అయినా యాభై ఏళ్ళుగా పర్మనెంట్ రెసిడెంటే. ఒక్కసారీ ఓటు వేయలేదు. మేమేమో పీఆర్ కోసం పడ్డ పాట్లు పడి, ఇప్పుడు సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి పొద్దున లేస్తే ఈమెయిల్ చూసుకునేవాళ్ళం. మా ఆయనకి ఈయన్ని చూస్తే ఒళ్ళు మండేది. “మనకియ్యమంటే ఇయ్యరు, ఈయనకి ఇస్తమంటే వద్దంటడు” అనేవాడు. వద్దనడానికి కారణం ఒక్కటే. పౌరసత్వం ఇచ్చేటప్పుడు చెయ్యెత్తి రాజుగారికీ ఆయన వారసులకీ విధేయంగా ఉంటానని ప్రమాణం చేయాలి. అది ఆయన వల్ల కాదు.

ఎందుకు కాదో పోయిన మే నెలలో, ఆ రాణిగారి సెలవు రోజునే తెలిసింది. అంకుల్ నిచ్చెన మీదున్నారు. ఇండియా నుంచి మా అత్తగారు పంపిన సున్నుండల డబ్బాలోంచి మా ఆయన ఒకటి కాజేసి పెరట్లోకి వచ్చి తింటున్నాడు. షుగర్ అంచు మీద ఉందని డాక్టరు చెప్పి నెల కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయి, ఆయన చెయ్యి లాగి నా నెత్తిన పెట్టుకుని, ఇంకెప్పుడూ ముట్టుకోనని ఒట్టు వేయమన్నాను. “వదిలెయ్యవే, నీ మీద ఒట్టెందుకే” అని గింజుకుని, చివరికి వేశాడు. అంకుల్ నిచ్చెన దిగి వచ్చారు. ఇందాక చేసిందేమిటని అడిగారు.

మాలో ఒట్టు అంటారని చెప్పాను. మనకి ప్రాణమైన మనిషి తల మీద చెయ్యి పెట్టి మాట ఇస్తాం, ఆ మాట తప్పితే చెడు జరిగేది మనకి కాదు, ఆ మనిషికి. అందుకే ఈయన ఇంక సున్నుండ జోలికి పోడన్నాను. నేను సరదాగానే చెప్పాను. ఆయన మాత్రం వెళ్ళి మెట్టు మీద కూర్చున్నారు.

ఓడిపోయాక వాళ్ళ కొండల్లో మగవాళ్ళందరిచేతా ప్రభుత్వం ప్రమాణం చేయించిందట. ఇక కత్తి పట్టను, నా గళ్ళబట్ట కట్టను. మాట తప్పితే నా భార్యాపిల్లల మొహం నేను చూడకుండా పోదును గాక, మా వాళ్ళ సమాధులకి దూరంగా పరాయి దేశంలో దిక్కులేకుండా పడి ఉందును గాక. వాళ్ళింట్లో తరతరాలుగా చెప్పుకునే మాటలివి. మీ ఒట్టూ అదీ ఒకటేనన్నారు. పిల్లల మీద ప్రమాణం చేయించిన సింహాసనానికి తను మళ్ళీ చెయ్యెత్తనని చిన్నప్పుడే అనుకున్నారట.

అక్కడితో ఆగుతారనుకున్నాను. ఆగలేదు. కూతురి సంగతి చెప్పారు. హాల్లో గూటి మీద ఫొటో ఉండేది, ముందు పళ్ళు ఊడిన పిల్ల, చేతిలో చేప. ఎక్కడుందంటే వేల కిలోమీటర్ల అవతలి ఎడ్మంటన్ అనేవారు, ఏం చేస్తోందంటే సైన్యం అనేవారు, అది ఏదో జబ్బు పేరైనట్టు. ఇరవై ఏళ్ళ కిందట ఆ పిల్ల సైన్యంలో చేరుతానంది. చేరేవాళ్ళు కూడా రాణిగారికి ప్రమాణం చేయాలి. ఆ రోజు ఇదే గుమ్మంలో, వెళ్ళిపోతున్న పిల్ల తల మీద చెయ్యి పెట్టి, నువ్వు ఆవిడకి చెయ్యెత్తిన రోజు నుంచీ నాకు కూతురివి కావని అన్నారట.

“చెయ్యి ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలీదు. దీవిద్దామనే ఎత్తాననుకుంటా” అన్నారు.

ఆ పిల్లా ఆయన కూతురే. వెనక్కి తిరిగి చూడలేదు. తల్లి పోయినప్పుడు వచ్చి, గొయ్యికి అవతలి పక్కన నిలబడి, అటునుంచి అటే విమానమెక్కి వెళ్ళిపోయింది. ఫోన్ చేయొచ్చుగా అన్నాను. చేసి ఏమనాలి, నేనన్న మాట నేను ఎలా వెనక్కి తీసుకోవాలి అన్నారు.

అప్పుడు చెప్పాను, మాలో ఒట్టు తీసేయడం కూడా ఉందని. చిన్నప్పుడు ప్రతి పిల్లా చేసేదే. ఎవరి తల మీద పెట్టామో ఆ తలే మళ్ళీ ముట్టుకుని, ఒట్టు తీసి గట్టు మీద పెట్టానని అంటే చాలు, పోతుంది. గట్టంటే ఏమిటన్నారు. పొలం అంచున ఎత్తుగా వేసే మట్టి అన్నాను. ఒట్టుకి గట్టు ప్రాస తప్ప వేరే అర్థం లేదని కూడా చెప్పాను. ఆయన అదేం పట్టించుకోలేదు. ఆ తలనే ముట్టుకోవాలా అని ఒకటికి రెండుసార్లు అడిగారు. అవునన్నాను. పెద్దవాళ్ళు కూడా చేయొచ్చా అన్నారు. పెద్దవాళ్ళకే ఎక్కువ అవసరం అన్నాడు మా ఆయన, సున్నుండల డబ్బా వైపు చూస్తూ. అంకుల్ నవ్వలేదు.

జూన్‌లో మాకు ప్రమాణానికి పిలుపు వచ్చింది. ఈ మధ్య చాలామందికి ఆన్‌లైన్‌లోనే కానిచ్చేస్తున్నారు గానీ, మాకు హాల్లోనే పెట్టారు. ఎవరినైనా తెచ్చుకోవచ్చన్నారు. మాకు ఇక్కడ ఇంకెవరున్నారు, అంకుల్‌నే అడిగాను. రానంటారనే అనుకున్నాను. పొద్దున్నే కిల్టూ నీలం టోపీతో కారు దగ్గర నిలబడి ఉన్నారు. మా ఆయన తెలుగులో, “రాజుగారి మీదికి పోతున్నట్టున్నడు, మన పేపర్లు ఆపరు గద” అని గొణిగాడు.

హాలు నిండా జనం. చీరలు, సూట్లు, తలపాగాలు, పట్టు లంగాల పిల్లలు. మేం ముందు వరసల్లో, అంకుల్ పక్కగా చూడవచ్చిన వాళ్ళ కుర్చీల్లో. టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ప్రమాణం చేయించే అధికారి అందర్నీ లేచి కుడిచెయ్యి ఎత్తమంది. చూడవచ్చిన వాళ్ళు కూడా ఇష్టమైతే కలిసి అనొచ్చంది. నేను చెయ్యెత్తి, ఎందుకో పక్కకి చూశాను. అంకుల్ లేస్తున్నారు. కుర్చీ వీపు పట్టుకుని నిదానంగా నిటారుగా నిలబడ్డారు. చెయ్యి ముందు నడుం దాకా వచ్చి ఆగింది. తర్వాత భుజం దాటి పైకి వెళ్ళింది. అధికారి ఒక్కో ముక్కా అంటుంటే మేమందరం అన్నాం. ఆయన గొంతు మాత్రం మా అందరి గొంతుల మీదుగా, ఆ కొండల యాసతో, రాజుగారి పేరు దగ్గర మరీ గట్టిగా వినబడింది. పక్కవాళ్ళు తలతిప్పి చూశారు. నా ప్రమాణం నేను సగం తప్పులు చదివాను.

బయటికి వచ్చాక ఫొటోలు, కౌగిలింతలు అయ్యాయి. ఆయనే మొదలుపెట్టారు. ఇప్పుడున్న రాజుగారి పేరూ, ఆనాడు తమవాళ్ళు రాజనుకున్న యువరాజు పేరూ ఒకటే, పక్కనుండే అంకెతో సహా ఒకటే. కాబట్టి తను ఏ రాజుకి ప్రమాణం చేశారో లోపలున్న వాళ్ళకేం తెలుస్తుంది అన్నారు. మా ఆయన పెద్దగా నవ్వి, అయితే మళ్ళీ నీళ్ళ మీదుగా తిప్పారన్నమాట అన్నాడు.

అంకుల్ తల అడ్డంగా ఊపారు. “లేదు. ఈయనకే చేశాను. ఈయనకి చేయకపోతే అది లెక్కలోకి రాదు. అమ్మాయి చేసిన పని నేనూ చేశాను, ఇక నాకు పంతం లేదు.”

పార్కింగ్ దగ్గర పూలమొక్కల చుట్టూ మోకాలెత్తు సిమెంటు అరుగులాంటిది కట్టి ఉంది. ఆయన నెత్తిమీది టోపీ తీసి, దాన్నొకసారి తిప్పి చూసుకుని, ఆ అరుగు మీద పెట్టారు. పెట్టి నావైపు తిరిగి, “గట్టు” అన్నారు. తెలుగులో. నాకు ఏడుపొచ్చింది, నేనేమీ దాచుకోలేదు. ఆ టోపీ గాలికి దొర్లబోతే మా ఆయనే పరిగెత్తి పట్టుకొచ్చాడు.

ఆ రోజు సాయంత్రమే ఫోన్ చేయండి, ఇప్పుడే చేయండి అని మేమిద్దరం పోరుపెట్టాం. వినలేదు. ఇది ఫోన్‌లో చెప్పేది కాదన్నారు. ఆ తలనే ముట్టుకోవాలన్నావుగా అన్నారు. అక్టోబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి రైల్లో ఎడ్మంటన్ వెళ్తానని, దేశమంతా చూసుకుంటూ వెళ్తానని, ఇప్పుడిది సగం తన దేశం కదా అని అన్నారు. తను చెప్పేదాకా ఎవరూ ఆమెకి చెప్పొద్దన్నారు. మాకు ఆమె నంబరు తెలియదు, చెప్పేదెలాగూ లేదు. ఆగస్టులో మా ఆయన ఆఫీసు మారి మేం మిస్సిసాగా వచ్చేశాం. వారానికోసారి ఫోన్ చేసి రైలు గురించి చెప్పేవారు, కిటికీ పక్క సీటు దొరికిందని, దారిలో రెండు రాత్రులు అడవులు, మైదానాలే ఉంటాయట అని. సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున కాఫీ కప్పు కడుగుతూ గుండె ఆగి పడిపోయారట. ఒట్టుకున్న నియమాలు నేను ఆయనకి అంత వివరంగా చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆయన్ని చివరిచూపుకి ఉంచిన స్కార్‌బరోలోని ఫ్యూనరల్ హోమ్‌కి మేమిద్దరం సాయంత్రం వెళ్ళాం. 401 హైవే మీద గంటన్నర పట్టింది. జనం ఎక్కువ లేరు, డిపోలో పనిచేసిన ముసలివాళ్ళు నలుగురైదుగురు. కూతురు ఆయన శవపేటిక పక్కన నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, తండ్రంత పొడుగు, అవే ముందుకి వంగిన భుజాలు. బూడిదరంగు గౌను వేసుకుంది. యూనిఫాంలో ఉంటుందని నేనెందుకో అనుకున్నాను. ఆయనకి కిల్టు కట్టారు, మోకాళ్ళు దుప్పటి కింద ఉన్నాయి.

పలకరింపులయ్యాక ఆమెని పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, జూన్‌లో జరిగింది చెప్పాను. చెయ్యెత్తారని, ఈయనకే చేశానన్నారని, పంతం లేదన్నారని, రైలు టికెట్ కొనుక్కున్నారని అన్నీ చెప్పాను. ఆమె వింటూ కాగితపు కప్పు అంచు చింపుతూ కూర్చుంది.

“పెదవులు కదిపాడా, గొంతుతో అన్నాడా?” అని అడిగింది.

గొంతెత్తి అన్నారు, హాలంతా తిరిగి చూసిందన్నాను.

ఆమె కప్పు కింద పెట్టి, నిదానంగా చెప్పింది.

“నేను సైన్యం ఎప్పుడో వదిలేశాను. రెండేళ్ళు కూడా లేను. నాకది పడలేదు. నాకు బేకరీ ఉంది ఎడ్మంటన్‌లో.”

మా ఆయనా నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆయనకెందుకు చెప్పలేదో ఆమే చెప్పింది. చెబితే చూశావా నేనన్నదే నిజమైందంటాడని చెప్పలేదట. ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి వినడం ఇష్టంలేక, ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చెబుదామని జరుపుకుంటూ వచ్చిందట. తల్లికి మాత్రం తెలుసట. నాన్నకి చెప్పనని తల్లి దగ్గర మాట తీసుకుందట. ఆవిడ ఆ మాట నిలబెట్టుకునే పోయింది.

ఇన్నేళ్ళూ ఆయన ఆదివారం ఆదివారం గ్లాసు తిప్పుకుంటూ కూర్చున్న ఆ హాలు, గూటి మీద ఫొటో నా కళ్ళ ముందు కదిలాయి. కూతురు వేసుకున్న యూనిఫాం కోసం ఆయన తన ముత్తాతలందర్నీ కాదనుకుని చెయ్యెత్తారు. అప్పటికి ఆ యూనిఫాం లేనే లేదు.

“చెప్పి ఉంటే ఏం చేసేవాడంటారు?” అని అడిగింది నన్ను.

ముందు ఒక పూటంతా మురిసిపోయేవారన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు అలాగే ఏడుపైపోయింది. నేను ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాను. గోడకవతల పెట్టెలో ఆయన, ఇవతల ఈమె. ఇద్దరూ ఎప్పుడో ఓడిపోయారు. ఆ ముక్క ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే.